కొబ్బరి నీళ్ళ ప్రశ్న సాగు విభాగానికి ఎందుకు వెళ్ళింది? ఏఐ సహాయకంలో ప్రశ్నలను సరైన చోటికి పంపడంపై చర్చ

సోంపేట వాసి

సభ్యులందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో మూత్రపిండాల వ్యాధి ఎక్కువగా ఉన్న మా ఉద్దానం గ్రామాల వారు ఫోనులో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెప్పే ఏఐ సహాయకాన్ని మిత్రులం కొందరం కలిసి తయారుచేస్తున్నాం. దానికి మూడు సమాచార నిల్వలు సమకూర్చాం. కొబ్బరి, జీడి, వరి సాగుకు ఒకటి, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికీ వారి ఇంట్లోవారికీ అవసరమయ్యే విషయాలకు ఒకటి, భూమి రికార్డులకూ రెవెన్యూ వ్యవహారాలకూ ఒకటి. ప్రశ్న రాగానే అది ఏ నిల్వకు చెందుతుందో ముందుగా ఒక చిన్న ప్రోగ్రాము, అంటే రౌటర్, తేలుస్తుంది. ఆ నిల్వలో సరిపోయే పేరాలను వెతికి తెచ్చి, వాటి ఆధారంగా పెద్ద భాషా మోడల్ జవాబు రాస్తుంది. 2020లో ఫేస్‌బుక్ పరిశోధకులూ వారి సహచరులూ రిట్రీవల్ ఆగ్మెంటెడ్ జనరేషన్ అని పేరుపెట్టిన పద్ధతినే తీసుకుని, దానికి ముందు ఈ రౌటర్‌ను చేర్చాం.

పరీక్ష కోసం మేము పెట్టిన ఒక సంభాషణ ఇలా నడిచింది. "మా నాన్నకు క్రియాటినిన్ 4 దాటింది, పలాసలో చూపిస్తున్నాం" అన్నది మొదటి మాట. క్రియాటినిన్ అంటే మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె. భోజనం గురించి ఒకటి రెండు ప్రశ్నలు నడిచాక, "ఎండలకు బాగా నీరసపడిపోతున్నారు, మా తోటలో బొండాలున్నాయి, రోజూ రెండు ఇవ్వవచ్చా?" అన్నది చివరి ప్రశ్న. రౌటర్ ఆ చివరి ప్రశ్నను మాత్రమే చూసి, తోట, బొండాలు అన్న మాటలను పట్టుకుని సాగు నిల్వకు పంపింది. కొబ్బరి నీళ్ళు వేసవి తాపానికి శ్రేష్ఠమని అక్కడి పేరాలో ఉంది. జవాబు కూడా అలాగే వచ్చింది, చక్కని తెలుగులో, ఎక్కడా సందేహం కనబడకుండా. చదివినవారు వెంటనే నమ్మేలా ఉంది కాబట్టే నాకు భయం వేస్తోంది.

రౌటర్ ఏమేం చూసి నిర్ణయించాలి, ఎప్పుడు నిర్ణయించకుండా ఆగాలి అన్నవి నా ప్రశ్నలు. ఈ పని తెలిసినవారూ, ఈ మూడు రంగాలలో అనుభవం ఉన్నవారూ దయచేసి చెప్పండి.

కాశీబుగ్గ ఫార్మసిస్టు

సోంపేట వాసి గారూ, ఈ ఒక్క జవాబు ఎంత ప్రమాదకరమో ముందు చెబుతాను, ఎందుకంటే రౌటర్‌ను ఎంత జాగ్రత్తగా కట్టాలన్నది దాన్నిబట్టే తేలుతుంది. కొబ్బరి నీళ్ళలో 100 మిల్లీలీటర్లకు సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు అదనంగా వచ్చిన పొటాషియాన్ని బయటకు పంపేస్తాయి. వ్యాధి ముదిరినవారిలో అది రక్తంలో పేరుకుపోయి, పైకి పెద్ద లక్షణాలేవీ కనబడకుండానే గుండె లయను దెబ్బతీయగలదు. ఇంటి ముందు చెట్టు ఉండి, కోసి ఇచ్చే చేతులు ఉండి, ఇవ్వడమే ప్రేమ అనుకునే ఉద్దానంలో ఆ జవాబును అమలుచేయడానికి ఒక్క నిమిషం చాలు.

అలాగని రోగులందరికీ "వద్దు" అని ఒకే మాట చెప్పినా సరికాదు. వ్యాధి ఏ దశలో ఉంది, డయాలసిస్ జరుగుతోందా, ఇటీవలి పరీక్షలో పొటాషియం ఎంత వచ్చింది, రోజుకు ఎన్ని నీళ్ళు తాగమని వైద్యులు చెప్పారు అన్నవాటిని బట్టి సలహా మారుతుంది. కాబట్టి వైద్య నిల్వకు చేరిన ప్రశ్నకు మొదట జవాబు బదులు ఈ వివరాలు అడిగే ప్రశ్న రావాలి. ఆ తరువాత కూడా తుది మాట చికిత్స చేస్తున్న వైద్యులదేనని స్పష్టంగా చెప్పాలి.

ఇదే కోవలో ఇంకొకటి ఉంది. జీడితోటలో పనిచేసి వచ్చిన మనిషి "నడుం నొప్పిగా ఉంది, ఏ మాత్ర వేసుకోవాలి?" అని అడిగితే, సాధారణ జ్ఞానం ఉన్న మోడల్ ఐబుప్రోఫెన్ గానీ డైక్లోఫెనాక్ గానీ పేరు చెప్పే అవకాశం ఉంది. ఈ రకం నొప్పి మాత్రలు దెబ్బతిన్న మూత్రపిండాలకు మరింత హాని చేస్తాయి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి వచ్చే ఏ నొప్పి ప్రశ్ననైనా, అడిగినవారు కిడ్నీ మాట ఎత్తకపోయినా సరే, మూత్రపిండాల నిల్వకు కూడా పంపడం మంచిది. ఆ నిల్వలో ఉద్దానం వ్యాధికి కారణం ఫలానా నీరనో, ఫలానా పురుగుమందనో తేల్చి చెప్పే వాక్యాలు ఉంటే తీసేయండి. అనుమానించిన కారణాలు చాలా ఉన్నాయి, నిర్ధారణ అయినది లేదు.

విజయనగరం ఇంజినీరు

ఫార్మసిస్టు గారి చివరి పేరాలో రౌటింగ్‌కు అవసరమైన సూత్రం ఉంది. ప్రశ్నలో ఏ మాటలున్నాయన్నదానితో పాటు ఎవరు, ఎక్కడినుంచి, ఏ పరిస్థితిలో అడుగుతున్నారన్నదీ చూడాలి. ప్రశ్నలను పంపే పని, ఆసుపత్రి ఓపీ దగ్గర చీటీ రాసే మనిషి పని లాంటిది. "కాలు వాచింది" అన్న మాట వినగానే ఎముకల వైద్యుని గది సంఖ్య రాసేస్తే, గుండె జబ్బుతోనో కిడ్నీ జబ్బుతోనో కాలు వాచిన మనిషి మధ్యాహ్నం దాకా తప్పు వరసలో నిలబడతాడు.

ఈ సంభాషణలో మొదట సరిదిద్దవలసింది రౌటర్‌కు అందే పాఠాన్ని. చివరి ప్రశ్నను యథాతథంగా పంపకుండా, ముందు మాటలన్నింటినీ కలుపుకుని దానంతటదే అర్థమయ్యే ప్రశ్నగా తిరగరాయించాలి. "క్రియాటినిన్ 4 దాటిన రోగికి వేసవి నీరసానికి రోజూ రెండు కొబ్బరి బొండాలు ఇవ్వవచ్చా?" అని రాశాక చిన్న వర్గీకరణ మోడల్ కూడా దాన్ని సాగు నిల్వకు పంపదు. తిరగరాసేటప్పుడు మోడల్ కొత్త వివరాలు కల్పించకూడదు కాబట్టి, తిరగరాసిన ప్రశ్నను అడిగినవారికి చూపించి "మీరు అడిగింది ఇదేనా?" అని నిర్ధారించుకోవడం మేలు.

రౌటర్‌ను కట్టడానికి నాకు తెలిసి మూడు దారులున్నాయి. మాటల జాబితాతో నియమాలు రాయడం చవక, పైగా తప్పు ఎక్కడ జరిగిందో కంటికి కనబడుతుంది, కానీ మనుషులు ఒకే విషయాన్ని పదిరకాలుగా అడుగుతారు. రెండవది ఎంబెడింగ్‌లు. ప్రశ్ననూ, ప్రతి నిల్వకు చెందిన నమూనా ప్రశ్నలనూ సంఖ్యల వరుసలుగా మార్చి, ఏవి దగ్గరగా ఉన్నాయో చూస్తారు. మూడవది పెద్ద మోడల్‌నే "ఇది ఏ విభాగానిది?" అని అడగడం. ఇది పొడవైన, కలగాపులగమైన ప్రశ్నలను బాగా పట్టుకుంటుంది, కానీ ప్రతి ప్రశ్నకూ ఒక అదనపు పిలుపు అవుతుంది, ఆలస్యమూ ఖర్చూ పెరుగుతాయి. మీ అవసరానికి రెండవదానితో మొదలుపెట్టి, దానికి నమ్మకం తక్కువగా ఉన్న ప్రశ్నలను మాత్రమే మూడవదానికి అప్పగించండి. మాటల జాబితాను పూర్తిగా వదిలేయవద్దు. మన వైపు వారు చోళ్ళు అని రాస్తారు, నిల్వలోని పత్రాలలో రాగి అని ఉంటుంది. తెలుగు తక్కువగా నేర్చుకున్న ఎంబెడింగ్ మోడల్ ఈ రెండింటినీ ఒకటిగా గుర్తిస్తుందన్న భరోసా లేదు.

ప్రశ్న ఒకే నిల్వకు వెళ్ళాలన్న నియమాన్ని కూడా తీసేయండి. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో మీ తోటలను ఎంత నేలమట్టం చేసిందో నాకంటే మీకే తెలుసు. "గాలివానకు చెట్లు కూలాయి, పరిహారం ఎలా వస్తుంది, మళ్ళీ ఏ మొక్కలు వేయాలి?" అన్న ప్రశ్నలో సగం రెవెన్యూది, సగం సాగుది. ఆ రెండు నిల్వలకూ పంపి, జవాబులో ఏ వాక్యం ఏ పత్రం నుంచి వచ్చిందో విడివిడిగా చూపాలి.

బొబ్బిలి విద్యార్థి

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. ఇప్పటి పెద్ద మోడళ్ళు లక్షల టోకెన్ల (మోడల్ పాఠాన్ని విడగొట్టుకునే చిన్న ముక్కల) పాఠాన్ని ఒకేసారి తీసుకోగలవు కదా, మూడు నిల్వలనూ మొత్తంగా ఇచ్చేస్తే రౌటర్ అవసరమే ఉండదు కదా? రెండవది, మిక్స్‌చర్ ఆఫ్ ఎక్స్‌పర్ట్స్ అనే మోడళ్ళలో లోపలే నిపుణులు ఉంటారని చదివాను. వైద్య ప్రశ్న వస్తే వైద్య నిపుణుడికి ఆ మోడలే పంపుకోదా?

విజయనగరం ఇంజినీరు

రెండవ సందేహం చాలామందికి ఉంటుంది, అందుకే దాన్ని ముందు తీసుకుంటాను. నిపుణుల మధ్య పని పంచడమనే ఆలోచన 1991 నాటి జేకబ్స్, జోర్డన్, నోలన్, హింటన్‌ల పత్రం నుంచి ఉంది. కానీ ఇప్పటి మోడళ్ళలో ఆ పంపకం ప్రశ్న స్థాయిలో జరగదు, టోకెన్ స్థాయిలో జరుగుతుంది. 2023 డిసెంబరులో వచ్చిన మిక్స్‌ట్రల్ అనే మోడల్‌లో ప్రతి పొరలోనూ 8 నిపుణ భాగాలు ఉంటాయి, ప్రతి టోకెన్‌కూ వాటిలో 2 పనిచేస్తాయి. ఏ భాగం ఏ విషయానికి అని ఆ మోడల్‌ను తయారుచేసినవారే పరిశీలించి, విషయాల వారీగా స్పష్టమైన విభజన ఏదీ కనబడలేదని చెప్పారు. గణన ఖర్చు తగ్గించడం ఆ అమరిక ఉద్దేశం. కవిటి రోగి ప్రశ్నను ఆ లోపలి నిపుణులు మూత్రపిండాల విజ్ఞానానికి చేరుస్తారని అనుకోవడానికి ఆధారం లేదు.

మొదటి సందేహానికి వస్తే, పాఠం పొడవైనప్పుడు మొదట్లో, చివర్లో ఉన్న విషయాలను మోడళ్ళు బాగా వాడుకుంటున్నాయనీ, నడుమ ఉన్నవి జారిపోతున్నాయనీ 2023లో ఒక పరిశోధన చూపించింది. ఆ తరువాత మోడళ్ళు మెరుగైనా, మన భాషకు సంబంధించిన ఖర్చు అలాగే ఉంది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు పడతాయి, చాలా మోడళ్ళలో పాఠాన్ని టోకెన్లుగా కోసే టోకెనైజర్లు తెలుగు మాటను ఇంగ్లీషు మాటకంటే ఎక్కువ ముక్కలు చేస్తాయి, అందుచేత అదే విషయానికి మనకు ఎక్కువ టోకెన్లు ఖర్చవుతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, కొబ్బరి నీళ్ళు శ్రేష్ఠమని చెప్పే పేరా, పొటాషియం గురించి హెచ్చరించే పేరా పక్కపక్కనే ఉన్నప్పుడు ఏది ఎవరికి వర్తిస్తుందో మోడల్ తానే తేల్చుకోవలసి వస్తుంది. ఆ తీర్పు అక్షరాల గుంపు మధ్య జరిగిపోతే మనం తనిఖీ చేయలేం. రౌటర్ ఉంటే ఆ నిర్ణయం ఒక చోట నమోదవుతుంది, రేపు తెరిచి చూడవచ్చు.

రాజాం విశ్రాంత ఉద్యోగి

నేను రెవెన్యూ శాఖలో పనిచేసి విరమణ పొందినవాణ్ణి, కంప్యూటర్ విద్య అంతగా లేదు. అయినా మీ మూడవ నిల్వ గురించి చెప్పవలసింది ఉంది. మా దగ్గర ఏ ప్రశ్నకైనా జవాబు ఊరినిబట్టీ తేదీనిబట్టీ మారుతుంది.

మా రాజాం 2022 ఏప్రిల్ 3 దాకా శ్రీకాకుళం జిల్లా. ఆ మరునాడు 13 జిల్లాలు 26 అయినప్పుడు విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్ళాయి. అంతకు ముందు నాటి ఉత్తర్వులలో, పత్రాలలో ఇవన్నీ శ్రీకాకుళం జిల్లాగానే ఉంటాయి. రాజాం మనిషి "జాయింట్ కలెక్టరుకు అప్పీలు ఎక్కడ పెట్టుకోవాలి?" అని అడిగితే పాత కాగితం చూసి శ్రీకాకుళం పంపారంటే, కూలి మానుకుని బస్సెక్కి వెళ్ళిన పేదవాడి రోజు పోతుంది. కాలపరిమితి ఉన్న అప్పీలైతే హక్కే పోవచ్చు.

తేదీ సంగతి ఇంకా తీవ్రమైనది. భూమి యాజమాన్య హక్కుల మీద వచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023లో అమల్లోకి వచ్చి 2024లో రద్దయింది. ఆ నడుమ దాని మీద రాసిన వివరణలు, కరపత్రాలు ఇంటర్నెట్‌లో ఇప్పటికీ ఉన్నాయి. అవి మీ నిల్వలో చేరితే, లేని చట్టం ప్రకారం మీ యంత్రం సలహా ఇస్తుంది.

ఇక ఊరి సంగతి. "ఈ ఊళ్ళో ఎకరం కొనుక్కోవచ్చా?" అన్న ప్రశ్నకు ఆ ఊరు షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే ప్రభుత్వం ప్రకటించిన గిరిజన ప్రాంతంలో, ఉందో లేదో తెలియకుండా ఒక్క మాట కూడా చెప్పకూడదు. 1959 నాటి భూ బదలాయింపు నియమావళికి 1970లో వచ్చిన సవరణ, మనం 1/70 అని పిలిచేది, షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనులకు తప్ప మరొకరికి బదిలీ చేయనివ్వదు. అడంగల్, 1బి అనే భూమి రికార్డులు చూసుకోండి, ఆ భూమి లావాదేవీలు చూపే ఈసీ తీయించుకోండి అని మైదాన ప్రాంతానికి చెప్పే జవాబు అక్కడ మనిషిని తప్పుదారి పట్టిస్తుంది. కాబట్టి ప్రతి పత్రం మీదా అది ఏ ప్రాంతానికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వర్తిస్తుందో రాసి పెట్టండి. ప్రశ్నలో ఊరి పేరు లేకపోతే, పేరు అడిగి తెలుసుకున్నాకే వెతకండి.

విజయనగరం ఇంజినీరు

మాస్టారూ, మీరు చెప్పినది అమలుచేయడం సాధ్యమే. ప్రతి పేరాకూ మండలం, గ్రామం, అమలు తేదీ, రద్దు తేదీ అనే గుర్తులు తగిలించి, వెతకడానికి ముందే వడకట్టవచ్చు. చాలామంది రౌటింగ్ అంటే విషయాన్ని ఎంచుకోవడం ఒక్కటే అనుకుంటారు, నా దృష్టిలో ప్రాంతాన్నీ కాలాన్నీ ఎంచుకోవడం అంతకన్నా తక్కువ పనేమీ కాదు.

ఒక చిక్కు ముందుగానే చెబుతాను. పాత తెలుగు పీడీఎఫ్‌లలో చాలావాటిని ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ వాడే యూనికోడ్ సంకేతాలు కాని పాత ఫాంట్లలో కూర్చారు. తెర మీద చక్కగా కనబడే పేజీలోంచి పాఠాన్ని బయటకు తీస్తే అర్థంలేని రోమన్ గుర్తులు వస్తాయి. అటువంటి పేరా నిల్వలో ఉన్నా లేనట్టే, రౌటర్ ఎంత బాగున్నా అది దొరకదు. చేర్చిన ప్రతి పత్రం నుంచీ కొన్ని వాక్యాలు బయటకు తీసి కంటితో చదివి చూడండి.

ఆమదాలవలస రైతు

సాగు నిల్వలో ఏముందన్న సంగతి ఎవరూ అడగలేదు, అందుకే రాస్తున్నాను. పాత సాగు పుస్తకాలలో వరి నారుమడికి, కాండం తొలిచే పురుగుకు ఫోరేట్ గుళికలు వేయమని ఉంటుంది. 2018లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఫోరేట్, ట్రైజోఫాస్, డైక్లోర్‌వాస్ వంటివి 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషిద్ధం. మీ రౌటర్ ప్రశ్నను తప్పులేకుండా సాగు నిల్వకు పంపినా, అక్కడ ఆ పాత పుస్తకం ఉంటే రైతుకు నిషేధించిన మందే చెబుతారు. ద్వారం ఎంత పదునుగా ఉన్నా లోపలి సరుకు ఎవరో ఒకరు ఏటా చూసి ఏరకపోతే ఉపయోగం లేదు. రకాల సంగతీ అంతే. రాగోలు పరిశోధన స్థానం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు అనే వరి రకం గురించి అడిగిన రైతుకు, వేరే జిల్లా రకాల మీద రాసిన ఎరువుల మోతాదు చెప్పకూడదు.

ప్రశ్నలను పంపే పని మనుషులు ఇప్పటికే చేస్తున్నారని కూడా గుర్తుచేస్తాను. 2004 జనవరి 21న మొదలైన కిసాన్ కాల్ సెంటర్‌కు ఫోను చేస్తే, ఏ జిల్లా, ఏ మండలం, ఏ పంట అని ముందు తెలుసుకుని తమకు తెలిసినంత వరకు అక్కడి సలహాదారులే చెబుతారు, తెలియనిదాన్ని పై నిపుణులకు అప్పగిస్తారు. ఆ కాల్స్ వివరాలను రాష్ట్రం, జిల్లా, పంట, ప్రశ్న రకం, ప్రశ్న, జవాబు అనే వరుసలతో ప్రభుత్వం తన డేటా పోర్టల్‌లో ఉంచింది. మీ రౌటర్‌కు నేర్పడానికి నిజమైన రైతుల ప్రశ్నలు అక్కడ దొరుకుతాయి. జవాబులను మాత్రం అలాగే తీసుకోవద్దు, వాటిలోనూ పాత మందులు ఉంటాయి.

కాశీబుగ్గ ఫార్మసిస్టు

రైతు గారి మాట చదివాక ఒకటి చేర్చాలి. "జీడికి మందు కొట్టి వచ్చాడు, వాంతులు అవుతున్నాయి, నోట్లోంచి నురగ వస్తోంది, ఏం చేయాలి?" అన్న ప్రశ్న ఏ నిల్వకూ వెళ్ళకూడదు. రౌటర్‌కు ముందే దాన్ని పట్టుకునే నియమం ఒకటి ఉండాలి. మోడల్ రాసే జవాబు కోసం ఎదురుచూడకుండా, 108కి ఫోను చేయమనీ, మందు డబ్బాను వెంట తీసుకెళ్ళమనీ, బలవంతంగా వాంతి చేయించవద్దనీ, ముందుగా మనుషులు రాసి వైద్యులు సరిచూసిన నాలుగు వాక్యాలు వెంటనే కనబడాలి. ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, పాము కాటు, డయాలసిస్ రోగికి ఒక్కసారిగా కాళ్ళూ చేతులూ పట్టు తప్పడం కూడా ఇదే జాబితాలోకి రావాలి. ఈ నియమం అనవసరంగా పనిచేసిన సందర్భాలు కొన్ని వచ్చినా పరవాలేదు, పనిచేయవలసినప్పుడు పనిచేయకపోవడం మాత్రం కుదరదు.

సోంపేట వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఇంజినీరు గారూ, ఇవన్నీ చేశాక మెరుగుపడిందో లేదో ఎలా కొలవాలి? ఇప్పటిదాకా మేము తుది జవాబును చదివి బాగుంది, బాగాలేదు అని మాత్రమే రాసుకుంటున్నాం.

విజయనగరం ఇంజినీరు

తుది జవాబును మాత్రమే చూస్తే తప్పు ఎక్కడిదో తెలియదు. మూడు మెట్లనూ విడదీయండి. ప్రశ్న సరైన నిల్వకు వెళ్ళిందా, వెళ్ళాక సరైన పేరా దొరికిందా, దొరికాక జవాబు ఆ పేరాకు కట్టుబడి ఉందా అన్నవి వేర్వేరుగా గుర్తు పెట్టాలి. కొబ్బరి బొండాల సంభాషణలో మొదటి మెట్టు తప్పు, ఫోరేట్ విషయంలో రెండవది తప్పు, మూడవది తప్పితే దాని మరమ్మతు వేరు. పరీక్ష ప్రశ్నలను మీరు కూర్చుని రాయకండి, చదువుకున్నవారు రాసిన ప్రశ్నలు శుభ్రంగా ఉంటాయి. జీడి పిక్కల బట్టీలలో పనిచేసేవారు, ఆశా కార్యకర్తలు, రైతు సేవా కేంద్రానికి వచ్చేవారు తమ మాటల్లో అడిగినవి, వారి అనుమతితో, పేర్లు తీసేసి వాడండి. తెలుగును రోమన్ అక్షరాల్లో టైపు చేసిన ప్రశ్నలు, మైకులో మాట్లాడితే తప్పుగా రాసుకున్న ప్రశ్నలు కూడా ఆ గుంపులో ఉండాలి, ఎందుకంటే రేపు వచ్చేవి ఎక్కువగా అవే.

తప్పులన్నిటికీ ఒకే బరువు వేయవద్దు. సాగు ప్రశ్న రెవెన్యూకు వెళితే అడిగినవారు విసుక్కుని మళ్ళీ అడుగుతారు, వైద్య ప్రశ్న సాగుకు వెళితే ఏం జరుగుతుందో మీరే చూశారు. అందుచేత వైద్యం అన్న అనుమానం కొద్దిగా ఉన్నా ఆ నిల్వకు కూడా పంపేలా ఆ విభాగం హద్దును తక్కువగా పెట్టండి. ఏ నిల్వా సరిపోదని తేలినప్పుడు మోడల్ తన సాధారణ జ్ఞానంతో జవాబు అల్లకుండా, "ఈ విషయం మా దగ్గర లేదు, ఫలానా చోట అడగండి" అని ఆ చోటు పేరు చెప్పి ఆగాలి.

సోంపేట వాసి

మా బృందంతో మాట్లాడి రాస్తున్నాను. అత్యవసర నియమాన్ని రౌటర్ ముందు పెడుతున్నాం, ఫార్మసిస్టు గారు చెప్పిన వాక్యాలను వైద్యులతో సరిచూయించే దాకా సహాయకాన్ని ఎవరికీ ఇవ్వం. సంభాషణను కలిపి ప్రశ్నను తిరగరాసే మెట్టు చేర్చాక అదే బొండాల ప్రశ్న మూత్రపిండాల నిల్వకు వెళ్ళి, డయాలసిస్ జరుగుతోందా, పొటాషియం పరీక్ష ఎప్పుడు చేయించారు అని తిరిగి అడిగింది. కిడ్నీ మాట లేకుండా నడుం నొప్పి మాత్ర అడిగిన ప్రశ్న మాత్రం ఇంకా దారి తప్పుతోంది, మండలం పేరును నమోదు దశలోనే తీసుకుంటే సరిపోతుందేమో చూస్తున్నాం.

పత్రాలకు తేదీలు తగిలించే పని పెద్దది. రెవెన్యూ నిల్వకు రాజాం మాస్టారు, సాగు నిల్వకు ఆమదాలవలస రైతు గారు ఒకసారి చూసి, తీసేయవలసినవాటిని గుర్తు పెట్టి ఇస్తారా? జాబితాలను ఈ చర్చలోనే పెడతాను. వైద్య నిల్వను ఏటా సరిచూసే బాధ్యత తీసుకోగల నెఫ్రాలజీ వైద్యులు గానీ, డయాలసిస్ కేంద్రాలలో పనిచేసే నర్సులు గానీ సభ్యులకు తెలిసి ఉంటే ఇక్కడ రాయండి. వారు దొరికేంతవరకు ఆ విభాగాన్ని మూసి ఉంచి, మిగిలిన రెండింటితో మాత్రమే పరీక్ష కొనసాగిస్తాం.

రాజాం విశ్రాంత ఉద్యోగి

పంపించండి, చూస్తాను. మండలాల వారీగా విడదీసి పంపితే త్వరగా అవుతుంది. సీతంపేట, భామిని పత్రాలను మొదట పెట్టండి.